గళ్లలో అన్నయ్య

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మా నర్సీపట్నంలో రెండు షేరాటోలు ఎదురెదురుగా ఆగి, డ్రైవర్లిద్దరూ ఒకరినొకరు పలకరించుకుంటే చాలు, ట్రాఫిక్ బలిఘట్టం దాకా స్తంభించిపోయిందని రాసే రకం. దోమ కుడితే రక్తం ఎక్కించుకున్నానంటాను. అబద్ధమని కాదు. పూరీ నూనెలో పడ్డాక పొంగదూ, అలాంటిది. పిండి మాత్రం ఇంట్లోదే. ఈ మధ్య ఆ పొంగించడానికి కూడా ఓపిక తగ్గింది. యాభై దాటాక మోకాళ్లకే కాదు, కోతలకూ నొప్పులొస్తాయని ఎవరూ చెప్పలేదు. అయినా అలవాటు పోదు కనుక, ఇక్కడినుంచి నేను చెప్పే ప్రతి మాటలోంచీ ఓ పావు వంతు తీసేసి చదువుకోండి.

మా అన్నయ్య మోటార్ల వైండింగ్ చేసేవాడు. పొలాల్లో కాలిపోయిన నీళ్ల మోటార్లను తెచ్చి ఆయన షాపు ముందు దించేవారు. లోపల మాడిపోయిన రాగి తీగంతా పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి ఇవ్వడం ఆయన పని. తాండవ కాలవ మీద బతికే ఊళ్లన్నిటిలోనూ ఆయన చెయ్యి తగలని మోటారు లేదంటే అది నా కోత. తగిలిన మోటారు మళ్లీ బేగి కాలిపోయేది కాదంటే మాత్రం నిజం. ఆ వార్నిష్ వాసన ఆయన్ని వదిలేది కాదు. వీధి మొదట్లో ఉండగానే అన్నయ్య వస్తున్నాడని ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. పెళ్లి భోజనాల్లో ఆయన పక్కన కూర్చున్నవాళ్లకు సాంబారు కూడా వార్నిష్ లాగే ఉండేది.

రెండేళ్ల కిందటి వానాకాలంలో, షాపులో బల్ల ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. గుండె. దీన్ని పొంగించడానికి నేను చాలాసార్లు ప్రయత్నించాను. పొంగలేదు.

అన్నయ్యకు ఒక్కత్తే కూతురు. మా ఊళ్లోనే ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో డిజైనరు. నాయకుల పుట్టినరోజులు, పిల్లల చెవులు కుట్టించడాలు, కొత్త బిర్యానీ సెంటర్లు, అన్నీ ఆ పిల్ల కంప్యూటర్లోంచే వీధుల్లోకి వస్తాయి. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కూడా. మా వైపు పెద్దకర్మ నాటికి వీధి మొదట్లో ఫ్లెక్సీ నిలబడాల్సిందే. ఫ్లెక్సీ లేని చావును మావాళ్లు చావుగా ఒప్పుకోరు, సెలవు మీద వెళ్లాడనుకుంటారు. ఆ ఫ్లెక్సీకి షాపులో ఎప్పుడూ సిద్ధంగా ఒక బొమ్మ ఉంటుంది. నీలాకాశం, మబ్బులు, రెండు తెల్ల పావురాలు, కింద వెలిగే దీపం, మధ్యలో తల కోసం ఎదురుచూసే ఒక బూడిదరంగు కోటు. పోయింది మాజీ సర్పంచి కానీ, సైకిలు మీద ఇడ్లీలమ్మిన మనిషి కానీ, తలకాయ తెచ్చి ఆ కోటులో పెడతారు. మా మండలంలో పోయినవాళ్లందరూ పైకి ఒకే కోటులో వెళ్లారు. అక్కడ పిలిచి హాజరు వేసుకునేవాడికి ఎంత తిప్పలో.

అన్నయ్య ఫ్లెక్సీ ఆ పిల్లే చేసింది. షాపు యజమాని ఒద్దన్నాడు, ఇంకెవరిచేతనైనా చేయిస్తానన్నాడు. వినలేదు. ఎవరిదో పెళ్లి గ్రూపు ఫోటోలోంచి వాళ్ల నాన్న ముఖం కత్తిరించి కోటు మీద పెట్టింది. తర్వాతెప్పుడో నాతో అంది.

"చెయ్యి చేసీసింది చిన్నాన్నా. అలవాటు కదా. ప్రింటు బయటకొచ్చేదాకా నేను చూళ్లేదు."

పెద్దకర్మ నాడు నాతవరం నుంచి రైతులు వచ్చారు. భోజనాలకు వెళ్లకుండా ఆ ఫ్లెక్సీ ముందే ఆగిపోయారు. వాళ్లలో ఒక ముసలాయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఎవులు బాబూ ఈయన?"

"మా అన్నయ్యేనండీ. మీ మోటార్లవీ చుట్టేవాడు కదా."

"ఆయన కర్మకేనా మేవొచ్చింది. మరి కోటేటి? ముందెక్కడైనా ఆఫీసరుగా సేసినాడేటి?"

"లేదండీ."

"ఆయన సొక్కాకి గుండీలే ఉండీవి కావు కదండీ" అన్నాడాయన, ఏదో మోసం జరిగిందన్న ముఖంతో.

మజ్జిగ గ్లాసులు పంచుతూ మా పిల్ల వెనకే ఉంది. ట్రే పట్టుకుని అలాగే ముందుకు వెళ్లిపోయింది.

కర్మ అయిన తర్వాత ఫ్లెక్సీ మాయమైంది. అందులో వింత లేదు. ఫ్లెక్సీ గుడ్డను మా ఊళ్లో ఎవరూ పారేయరు. నీటిచుక్క దిగని సరుకు. ఎలక్షన్లలో గెలిచినవాడూ ఓడినవాడూ చివరకు పక్కపక్కనే గడ్డివాముల మీద పడుకునేది అందుకే. అన్నయ్య కూడా ఎవరి కట్టెలమోపు మీదకో వెళ్లి ఉంటాడని అనుకున్నాను కానీ, ఆ మాట పైకి అనలేదు.

కొన్నాళ్లకు, అన్నయ్య షాపులో సగంలో ఆగిపోయిన మోటార్లను ఎవరివి వాళ్లకు అప్పజెప్పే పని నా నెత్తిన పడింది. పిల్ల తోడొచ్చింది. షేరాటో మధ్య సీట్లో మోటారును కూర్చోబెట్టి మేం చెరో పక్కన సర్దుకున్నాం. డ్రైవరు దానికీ ఛార్జీ అడిగాడు. "ఏం, అది గాలి పీల్చదు కదా" అంటే "సోటు పీల్సేసింది కదండీ" అన్నాడు. నాతవరం దాటాక ఒక ఊరి మొదట్లో ఆటో దిగాం. మోటారు దించడానికి మనిషి కోసం నేను అటూ ఇటూ చూస్తుంటే, పిల్ల రోడ్డవతల నిలబడిపోయి ఉంది.

అక్కడ ఒక పశువుల పాక. పాక కప్పు మీద మా అన్నయ్య. తల కిందకీ, కోటు పైకీ. గాలికి లేచిపోకుండా పావురాల మీద ఇటుకలు పెట్టారు, ఆయన గుండె మీద పాత లారీ టైరు పెట్టారు. వాన సన్నగా పడుతూనే ఉంది. ఆయన ముఖం మీంచి ఆకాశంలోకి, ఆకాశంలోంచి చూరులోకి నీళ్లు జారుతున్నాయి.

పాకలోంచి ఒకాయన గడ్డి దులుపుకుంటూ వచ్చాడు. పిల్లనీ, పైకప్పునీ మార్చి మార్చి చూశాడు. పోలికలు కనిపెట్టేశాడు.

"మీ నాన్నగారేటమ్మా? అయ్యయ్యో. మావోడు టౌన్లోంచి తెచ్చినాడమ్మా, నానెరగను. ముకం లోపలికెడితే గేదెలకేసి సూస్తన్నట్టుంటాదని పైకెట్టీసినాను. తలకిందులైపోనాదని తరవాత సూసుకున్నాను. తీసీమంటే ఇప్పుడే తీసీస్తాను."

"ఒద్దు మామయ్యా. లోపలికి కారుతున్నాదా?"

"సుక్క దిగదమ్మా."

"అయితే ఉంచీయండి." కప్పుకేసి చూసి మళ్లీ అంది. "ఆ టైరొక్కటి పక్కకి జరపండి."

ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి జరిపాడు. మేం మోటారు అప్పజెప్పి ఇంటికొచ్చేశాం. దారిలో నేను మామూలుగా ఒక ఊరికి సరిపడా మాట్లాడతాను. ఆ రోజు డ్రైవరు నాకు ఒంట్లో బాగోలేదనుకుని జండూబామ్ ఇవ్వబోయాడు.

ఆ వారంలోనే పిల్ల గీయడం మొదలుపెట్టింది. పేజీని గళ్లుగా విడగొట్టి, గడికో బొమ్మ. మొదటి పేజీ ఆ పాకే. పైన వాన. కప్పు మీద తలకిందులుగా నాన్న. చూరు. చూరు కింద గేదె. చివరి గడిలో దూడ, పొడిగా. అంతే. ఎక్కడా ఒక్క మాట లేదు.

నేను రాసేవాడిని కనుక మాటల పని నాకు అప్పగించింది. నేను సంబరపడి, మొదటి పేజీ కిందే ఓ ముప్పావు పేజీ రాసిచ్చాను. ఆకాశం గుండె పగిలి రోదించడం, తండ్రి చనిపోయి కూడా మూగజీవాలకు గొడుగు కావడం, ఇలాంటి సరంజామా అంతా దించాను. చదివి, నా కాగితం నాకే ఇచ్చింది.

"వాన బొమ్మలో పడుతున్నాది కదా చిన్నాన్నా. మళ్లీ నువ్వెందుకు తడపడం?"

"మరి చదివేవాళ్లకి బాధ తెలియొద్దా?"

"దూడ పొడిగా ఉన్నాది. అది చూస్తే తెలీదేటి?"

తెలుస్తుంది. నాకు ఆ క్షణంలోనే తెలిసింది, కానీ ఒప్పుకోవడానికి ఓ నెల తీసుకున్నాను. నా వయసులో ఓటమి కూడా నడుం నొప్పిలాగే, లేచి నిలబడితే కానీ ఎంతుందో తెలియదు.

బొమ్మల పుస్తకాలంటే పిల్లలు అన్నం తినడానికి ముందు పెట్టేవని నా ఉద్దేశం. మా పిల్ల తన ట్యాబ్‌లో ఎక్కడెక్కడి దేశాలవాళ్లవో చూపించింది. ఒకావిడ తల్లి మతిమరుపునంతా బొమ్మల్లో వేసింది. ఇంకొకాయన పోయిన తమ్ముడి గదిని, గది మాత్రమే, పేజీల కొద్దీ వేశాడు. భాష తెలియకపోయినా చూస్తూ కూర్చున్నాను. వాటిలో చావు ఎక్కడ జరుగుతుందో వెతికాను. ఒక గడిలో మనిషి టీ గ్లాసు పట్టుకుని ఉంటాడు. పక్క గడిలో గ్లాసు ఒక్కటే ఉంటుంది. రెండింటికీ మధ్య ఓ తెల్లటి సందు, గోరంత వెడల్పు. మనిషి పోయింది ఆ సందులో. దాన్ని ఎవరూ గీయలేదు. చూసేవాడే ఇటునుంచి అటు దాటాలి, దాటేటప్పుడు కాలికి తగులుతుంది. నేనైతే పాఠకుడి చెయ్యి పట్టుకుని, "అదిగో ఏడుపు, ఇదిగో ఏడుపు" అని తిరునాళ్లలో తిప్పినట్టు తిప్పుతాను. పాపం అతను అలిసిపోతాడు తప్ప ఏడవడు.

ఇంకొకటి కూడా గమనించాను. నేను "మా అన్నయ్య తీగ చుట్టేవాడు" అని రాయగానే, ఆ మాట చివరికొచ్చేసరికి అన్నయ్య పోతాడు. బొమ్మలో అలా కాదు. పేజీ వెనక్కి తిప్పితే చుడుతూనే ఉంటాడు. ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు. ఆ సుఖం కోసం నేను దొంగచాటుగా పిల్ల గదిలోకి వెళ్లి తిప్పుకునేవాడిని.

అయితే పుస్తకం మొత్తంలో అన్నయ్యకు ముఖం లేదు. వంగిన వీపు, మెడ మీద చెమట, తీగ లాగే వేళ్లు, వార్నిష్ మరకల చొక్కా, అన్నీ ఉన్నాయి. ఎటు తిరిగినా వెనక వైపే. ఎందుకని అడిగాను.

"ముఖం గీద్దామని కూర్చుంటే కిందని కోటొచ్చేస్తున్నాది చిన్నాన్నా" అంది. "ఎంత చెరిపినా అదే."

విశాఖపట్నంలో చిన్న పుస్తకాలు వేసే ఒకరు ఈ బొమ్మలు చూసి, అచ్చు వేస్తామన్నారు. పిల్ల మాత్రం వాళ్లమ్మ సరేనంటేనే ఇస్తానంది. ఒద్దంటే మొత్తం ఆపేస్తానంది. ఆ పిల్ల నాలాంటిది కాదు, అన్నదంటే చేస్తుంది. ఏడాది పైగా గీసిన పని వదిన ఒక్క మాట మీద ఆగి ఉంది.

వదిన అప్పటిదాకా ఒక్క పేజీ చూడలేదు. పిల్ల గదిలో బల్ల ఉన్న వైపు ఊడ్చేది కూడా కాదు. ఒకసారి నాతో అంది. "గోడ మీద ఫోటో ఉన్నాది కదా. అదొక్కటీ సాలదేటి? ఊరికే గీసి గీసి ఆ మనిషిని లేపడం ఎందుకు, అలిసిపోయి పడుకున్నోడిని."

దానికి తోడు పుస్తకంలో ఒక చిక్కు పేజీ ఉంది. అన్నయ్య ఆఖరి పొద్దున్న. ఆ పూట పిల్ల ఫ్లెక్సీ షాపులో ఉంది, అన్నయ్య ఇంటికి టీకి వెళ్లి కూర్చున్నది నేను. కనుక ఆ పేజీ నేను చెప్పగా గీసింది. వార్నిష్ చేతుల్ని అన్నయ్య బియ్యం కడిగే గిన్నెలో కడిగాడనీ, వదిన కేకలకు వీధిలో కుక్కలు పెళ్లాంబిడ్డలతో సహా వలసపోయాయనీ చెప్పాను. పిల్ల వదినను నోరు గుహలా తెరిచినట్టు గీసి, మాటల బుడగ నిండా గీతలు బరికింది. అన్నయ్య వీపు ఆ కేకల కింద వంగి ఉంది.

"ఇది అమ్మ చూడాల. నా వల్ల కాదు, నువ్వే చూపించు" అంది. "మరిదివి. నిన్ను కొట్టినా ఎవరూ ఏటీ అనుకోరు."

ఓ మధ్యాహ్నం వెళ్లాను. వదిన వసారాలో గోనె పరుచుకుని ఏజెన్సీ కొండల చింతపండులో గింజలు తీస్తోంది. ఆ ఎండకు అరుగు మీద దోసె వేసుకోవచ్చు. నేను కూర్చుని, కాసేపు గింజలు తీసి, ధర అడిగి, కారణం లేకుండా దగ్గి, చివరకు కాగితాల కట్ట ఆమె ముందు పెట్టాను. అదేమిటో ఆమెకు తెలుసు.

"సదువు" అంది, చింతపండులోంచి తలెత్తకుండా.

"చదవడానికేం లేదొదినా. చూడ్డమే."

"సదవడానికేటీ లేకపోతే పుస్తకవేటి?"

"అదే నా బాధ కూడా. నా మాటలన్నీ పీకేసింది."

"ఆ పనొక్కటి మంచిది సేసింది" అని, చేతులు కొంగుకు తుడుచుకుని కట్ట అందుకుంది.

మెల్లగా చూసింది. ఒక్కో పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగింది. పాక దగ్గర ఆగింది. షాపు బల్ల దగ్గర, తీగ చుట్టే వేళ్ల దగ్గర ఆగి, కాగితం కొంచెం ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. వాసన చూసిందని నేను అనను, మీరు అనుకుంటే కాదనను. ఆ చిక్కు పేజీ వచ్చింది. తన తెరిచిన నోరు చూసుకుంది.

అప్పుడు వదిన నవ్వింది. మామూలు నవ్వు కాదు. గోనె మీద చింతగింజలు ఎగిరి పడేలా, పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసేలా, కళ్లల్లోంచి నీళ్లు కారేలా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక అంది.

"ఇలాగ తిట్టుంటే ఎంత బాగుణ్ణు మరిదీ."

నేను గింజల వైపు చూశాను.

"నువ్వున్నావు కదా, నీకు తెలీదేటి? ఆ రోజు నేనసలు మాటాడలేదు. ముందురోజు ఏదో అన్నాడని కోపం. గ్లాసు ముందు పెట్టీసి లోపలికి ఎల్పోయేను. ఆయన నాకేసి సూసేడు, మాటాడతానేమోననీసి. నేను సూడనట్టు ఎల్పోయేను."

నిజమే. ఆ టీ నేను ఆ నిశ్శబ్దంలోనే తాగాను. దాన్ని ఎలా చెప్పాలో తెలియక, ఎప్పటిదో వేరే రోజు తిట్లు తెచ్చి అందులో పోశాను. నా వృత్తిలో అదొక్కటే పనిముట్టు.

"అయితే ఒద్దంటావా ఒదినా?"

కట్టను సరిచేసి నా చేతిలో పెట్టింది.

"ఎయ్యమను. నా నోరు మాత్రం మూసీసి ఎయ్యమను. ఆయన నాకేసి సూసినట్టు ఎయ్యమను."

ఆ మాట పిల్లకు అలాగే చేరవేశాను, ఒక్క ముక్క కలపకుండా. విని, కుర్చీలో వెనక్కి వాలింది.

"చూసినట్టు వెయ్యాలంటే ముఖం కావాలి కదా" అంది.

"కావాలి మరి."

ఆ పేజీకి ఎన్నాళ్లు పట్టిందో లెక్క పెట్టలేదు. షాపు నుంచి వచ్చి గీసేది, చింపేది, మళ్లీ గీసేది. ఆఖరికి ఒక రోజు బల్ల మీద ఉంచి తను అన్నం తినడానికి వెళ్లింది. గిన్నె పోయింది, బుడగ పోయింది, నేను చెప్పిన కుక్కలూ పోయాయి. ఒక గడిలో గ్లాసు పెట్టే చెయ్యి. ఒక గడిలో మూసుకున్న నోరు, సగం తిరిగిన మెడ. చివరి గడి నిండా అన్నయ్య ముఖం, మన వైపు చూస్తూ. అది ఎలా వచ్చిందో నేను చెప్పను. చెబితే పొంగిస్తాను.

వదిన ఆ పేజీ చూసి తలూపింది. పుస్తకం విశాఖపట్నం వెళ్లింది. నా పేరు దాని మీద ఉండదు, ఎందుకంటే నా మాట దానిలో లేదు. ఒక రచయితకు ఇంతకంటే పెద్ద సన్మానం జరగదని ఊరంతా చెప్పుకుంటున్నారని రాద్దామనుకున్నాను కానీ, ఓపిక లేదు.

కల్పించింది ఏదో చెప్పి ముగిస్తాను. వదిన నవ్విందన్నాను చూడండి, అది నేను పుట్టించింది. వదిన నవ్వలేదు. గింజలు ఎగరలేదు, పక్కింటావిడ తొంగి చూడలేదు. తెరిచిన తన నోటిని చూసుకుని, దాని మీద బొటనవేలు పెట్టి, అలాగే ఉంచింది. వేలికి చింతపండు అంటుకుని ఉంది, కాగితానికి మరకైంది. ఆ తర్వాత అన్న మాటలన్నీ ఆమెవే. అన్నీ చాలా నెమ్మదిగా అంది, పక్కన కూర్చున్న నాకే సరిగ్గా వినిపించనంత నెమ్మదిగా.